లోహిత వెనక్కి పంపిన పేజీ

తిరుపతి,
13 జులై 2025, ఆదివారం. మబ్బు పట్టింది, వాన లేదు. పొద్దున్నే మేడ మీది నీళ్ల ట్యాంకు కడిగాను.

మిత్రుడు ధనశేఖర్‌కు,

నీతో మాట్లాడి రెండేళ్లయింది. ఫోనులో నాకు మాటలు రావు, అందుకే కాగితం తీశాను. మనం మొదలుపెట్టిన పల్లె బస్సుల వెబ్‌సైటుకు కొత్తగా నలుగురు వచ్చారు. జీతం లేదు, కోడు ఎవరైనా చూడవచ్చు, ఎవరైనా రాయవచ్చు అని మనిద్దరం పెట్టిన పిలుపు చూసే వచ్చారట. ఇవాళ మా ఇంట్లోనే కూర్చున్నాం. ఐదు కంప్యూటర్లు, రెండు చాపలు.

వారం నుంచి వాళ్లు పంపిన కోడులో నచ్చనిది నేనే తిరగరాసి సైటులో పెడుతున్నాను. తప్పు ఎత్తిచూపి చిన్నబుచ్చడం ఎందుకని. చంద్రగిరి అమ్మాయి లోహిత టీ గ్లాసు కింద పెట్టి అడిగింది.

"అన్నా, నా పేజీలో నేను రాసింది ఒక్క వరసన్నా ఉండాదా?"

నేను కంప్యూటరు వైపు తిరిగాను.

"తప్పుంటే చెప్పు, నేనే దిద్దుకుంటా. అంతా నువ్వే రాసుకుంటే మేం టీ తాగేదానికా వచ్చినాం?"

అందరూ నవ్వారు. నాకు నువ్వు గుర్తొచ్చావు. నువ్వు రాసిన బస్సు వేళల పేజీని కూడా నీకు చెప్పకుండా ఇలాగే మార్చేశాను. ఆ తర్వాతే నువ్వు రావడం మానేశావు. వదిలేసి పోయాడని ఇన్నాళ్లూ లోపల కుమిలిపోయాను. పంపేసింది నేనేనని ఇవాళ తెలిసింది.

వెంటనే లోహిత పేజీని ఆమె రాసినట్టే తిరిగి పెట్టాను. ఆదివారం వడమాలపేట బస్సు కనబడటం లేదు, చూడమ్మా అని నోరు తెరిచి చెప్పాను. పది నిమిషాల్లో సరిచేసింది. ఇకపై నా పనైనా సరే, ఇంకొకరు చూశాకే సైటులో చేరాలని నియమం రాసి, ఆ చూసే అధికారం ఆమెకిచ్చాను. గంట కూడా కాలేదు, నా పేజీనే వెనక్కి పంపింది.

"చిన్న ఫోన్లో అక్షరాలు ఆనవన్నా. మా అవ్వ ఎట్ల చదవాల?"

పదేళ్లుగా ఒక్కడినే నేర్చుకున్నాను. నా పనిని ఒకరు పూర్తిగా చదివి దిద్దమనడం ఇదే మొదలు. ఎంత సంతోషమో రాయడం చేతకావడం లేదు. రెండుసార్లు దిద్దాను, రెండుసార్లూ తిప్పి పంపింది. మూడోసారి ఒప్పుకుంది.

నీ పాత పేజీ చెరిగిపోలేదు. పాత ప్రతుల్లో నువ్వు రాసింది రాసినట్టే ఉంది. నీ పేరుతో తిరిగి పెట్టాలని ఉంది. పెట్టమంటావా? నువ్వు చెప్పేదాకా దాన్ని ముట్టుకోను.

నీ
మునస్వామి