బ్రయనీ కారుకు మొదటి ఆయిల్

ఫ్రాంక్లిన్, టాస్మానియా
మే నెల, ఆదివారం

ప్రియమైన బ్రయనీకి,

నాన్న దీవించి రాయించేది. ఇక్కడ మేమిద్దరం, కుక్కా, కోళ్లూ కులాసా. అంటార్కిటికా మంచులో నువ్వూ, నీ చేతి వంట తింటున్న ఆ స్థావరం వాళ్లూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను చెబుతుంటే మీ అమ్మ కంప్యూటర్‌లో కొడుతోంది. అలా ఎందుకన్నది తరవాత చెబుతాను. (నేనే చెప్పేస్తానంటే వద్దంటున్నాడు. – అమ్మ)

ఆపిల్ కోతలు అయిపోయాయి. మిగిలిన పళ్లను సంచుల్లో కట్టి గేటు దగ్గర బల్ల మీద అమ్మకానికి పెట్టాం. ఈసారి కాయ చిన్నది గాని తీపి బాగానే పట్టింది. కుక్క కాలు నయమైందా అని అడిగావు. చెట్లెక్కే పోసమ్ జంతువుల వెంట పడుతోంది, నయమైనట్టే.

ఇక నీ కారు. కోరి కొనుక్కున్న బండి నువ్వు ఓడెక్కాక గాని రాలేదు, నువ్వింకా దాన్ని కంటితో చూడలేదు. అందుకే దాన్ని పసిపిల్లలా చూసుకున్నాను. ఇంజన్ ఎంత జోరుగా తిరుగుతోందో చూపే ముల్లు నాలుగు వేలు దాటనివ్వలేదు. ఒకే వేగంతో ఎక్కువసేపు పోనివ్వకుండా నది వెంట, కొండల మీద తిప్పాను. పుస్తకంలో ఏడాది దాకా అక్కర్లేదని ఉంటే వెయ్యి కిలోమీటర్లకే ఆయిల్ మార్చడమేమిటని పోయిన ఉత్తరంలో అడిగావు. తాతకు దగ్గులు నేర్పుతున్నావు. కొత్త బండిలో పళ్లచక్రాలు ఒకదానికొకటి ఇంకా అలవాటు పడవు. రాసుకున్నకొద్దీ సన్నటి ఇనప రజను రాలుతుంది. అది మొదటి ఆయిల్‌తోనే బయటికి పోవాలి. కొత్త కుండలో మొదటి నీళ్లు ఎవరు తాగుతారు? ఇంజన్, గేర్‌బాక్సు, వెనక ఇరుసు, మూడింటికీ మార్చాలి. పుస్తకం రాసినవాడికి బండి అమ్ముడుపోతే చాలు. నువ్వు దాన్ని ముసలిదాన్నయ్యేదాకా నడుపుతానన్నావు.

కిందటి వారం శనివారం షెడ్డులో బండిని దిమ్మల మీద నిలబెట్టి కిందికి దూరాను. బోల్టు విప్పాను, ఆయిల్ కారింది, బోల్టు బిగించాను. పైకొచ్చి ఇంజన్‌లో కొత్త ఆయిల్ పోశాను. మీ అమ్మ డ్రైవర్ సీట్లో కూర్చుని ఉంది.

"స్టార్ట్ చేయనా?" అంది.

పాత ఆయిల్ పళ్లెం పక్కకు లాగుతుంటే గుప్పున కుళ్లిన గుడ్ల వాసన కొట్టింది. ఇంజన్ ఆయిల్‌కు ఆ కంపు ఉండదు. గేర్ ఆయిల్‌కే ఉంటుంది.

"ఆగు. తాళం ముట్టుకోకు" అన్నాను.

మీ అమ్మ దిగి టార్చి పట్టుకుని బండి కిందికి వెళ్లింది. కాసేపటికి లోపలి నుంచే గొంతు వినిపించింది. "క్లారీ, ముందున్న ఇంజన్ బోల్టు నువ్వు ముట్టుకోనే లేదు. విప్పింది వెనకది. గేర్‌బాక్సు ఖాళీ చేసి, నిండుగా ఉన్న ఇంజన్‌లో మళ్లీ పోశావు. రెండు బోల్టుల మధ్యా జానెడు దూరముంది. కళ్లు కనబడటం లేదా నీకు?"

"లేదు నోరీన్. కనబడటం లేదు."

ఆవిడ బయటికి వచ్చి నా పక్కనే నేల మీద కూర్చుంది. "ఎప్పటినుంచి?"

"కోతలకు ముందునుంచి."

"చావు కబురు చల్లగా చెబుతున్నావు. మరి ఇన్నాళ్లూ పిల్ల బండి ఎలా నడిపావు?"

"పక్కన నువ్వున్నావు కదా. అదిగో లారీ, అదిగో మలుపు, మెల్లిగా పోనీ అంటూనే ఉంటావు."

"నేను నిన్ను సాధిస్తున్నాననుకున్నాను. దారి చూపిస్తున్నానని నాకేం తెలుసు?" అంది. నవ్వబోయింది గాని ఏడ్చేసింది.

అదీ సంగతి తల్లీ. అందరం కులాసా అని పైన చెప్పించాను గాని, నేను కాదు. తప్పే చేశాను. నీ బండినీ, మీ అమ్మనీ, ఎదురొచ్చే ముక్కూమొహం తెలియని వాళ్లనీ ప్రమాదంలో పెట్టాను. నువ్వు తిరిగొచ్చాక ఇద్దరం వంతులవారీగా నడుపుతూ సముద్రం అవతలి పెద్ద దేశం ఈ చివరినుంచి ఆ చివరకు పోదామన్నావు కదా. ఆ ప్రయాణం పోతుందని భయపడ్డాను. భయానికి తోడు సిగ్గు.

సోమవారం హోబార్ట్‌లో కంటి డాక్టరుకు చూపించుకున్నాను. పోయిన చూపు రాదట, ఉన్నది నిలబెట్టడానికి కంట్లో సూది వేస్తాడట. మొదటిది వేశాడు. అనుకున్నంత నొప్పి లేదు. (నా చెయ్యి ఇంకా కమిలి ఉంది, మీ నాన్న అంత గట్టిగా పట్టుకున్నాడు. – అమ్మ) అటునుంచి అటే వెళ్లి లైసెన్సు ఇచ్చేశాను.

నీ బండి గురించి బెంగపడకు. ఇంజన్ తిప్పలేదు కాబట్టి ఏ హానీ జరగలేదు. రెండింటినీ మళ్లీ ఖాళీ చేసి, సరైన ఆయిళ్లు సరైన చోట పోశాం. ఇరుసుకూ మార్చాం. విప్పిందీ బిగించిందీ మీ అమ్మే. నేను పక్కన కూర్చుని చెప్పాను. బోల్టుకున్న అయస్కాంతానికి బూడిదలాంటి రజను పట్టింది, వేళ్ల మధ్య నలిపి చూశాను. ఉండవలసినంతే ఉంది, పెద్ద ముక్కలేవీ లేవు. ఇప్పుడు నడిపేది కూడా ఆవిడే. (నాలుగు వేలు దాటనివ్వలేదు. ఒక్కసారి దాటింది. – అమ్మ)

వంతులవారీ అన్న మాట నేను నిలబెట్టుకోలేను. దారంతా నువ్వే నడపాలి. నీకిష్టమైతే పక్క సీట్లో నేను కూర్చుంటాను. ఒక్క విషయం ముందే చెప్పి ఉంచుతున్నాను. ఇప్పుడు నేను ఎవరినైనా సూటిగా చూస్తే మొహం ఉండవలసిన చోట మసక తప్ప ఏమీ ఉండదు. కాస్త పక్కకు చూస్తేనే ఆ మొహం కనబడుతుంది. కాబట్టి నేను నీ చెవి పక్కగా, అవతలి కిటికీలోకి చూస్తూ కూర్చుంటే, ఊళ్లూ కొండలూ చూస్తున్నాననుకోకు. నిన్నే చూస్తుంటాను.

ఇట్లు,
నీ పక్క సీటు అడుగుతున్న
నాన్న