రాడ్డు ఎండిపోయింది

2 నవంబరు 2015, సోమవారం. ఉదయం 6.10

కారు ఎడమకి లాగుతోంది. గతుకులో పడితే ముందు చక్రం దగ్గర టకటక. పద్దెనిమిదేళ్ల కారు మరి! మా ఆవిడ యమున తీర్పు చెప్పేసింది: ఆదివారానికి తిన్నగా నడవకపోతే అమ్మేయడమే. కొనడానికి వాళ్ల తమ్ముడు తిరుమలరావు గజపతినగరంలో సిద్ధంగా ఉన్నాడు.

అమ్మడమా? నా కారునా?

ప్రతిజ్ఞ: జబ్బు నేనే కనిపెడతాను. మెకానిక్ గంగులు షెడ్డు గడప తొక్కను! ముప్పయ్యారేళ్లు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి. రిటైరై ఆరు నెలలైంది. తీరికకి లోటు లేదు.

సాయంత్రం 5.00

ఎడమ టైరులో గాలి తక్కువ. దొరికాడు దొంగ! నింపించి, ఆమదాలవలస స్టేషన్ రోడ్డు మీద నడిపి చూశాను. ఎడమకే.

3, మంగళవారం

ముందు టైర్లు అటుదిటు, ఇటుదటు మార్చాను. తప్పు టైరుదైతే ఇప్పుడు కుడికి లాగాలి. తర్కమంటే ఇదీ!

ఫలితం: ఎడమకే. టైర్లు నిర్దోషులు. నా నడుం పట్టేసింది.

4, బుధవారం. ఉదయం 10.00

జాకీ ఎత్తి చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపాను. టక్! ఏదో వదులైంది. ఏది? కింద అన్నీ నల్లగా ఒకేలా ఉన్నాయి.

11.30

గంగులుకి ఫోన్ చేశాను. షెడ్డుకి వెళ్లనన్నాను గానీ ఫోన్ చేయనని ఎక్కడన్నాను? ప్రతిజ్ఞ భద్రం.

వాడి వెనక ఎవరో రేకు బాదుతున్నారు. వాడు అరిచాడు: "మాస్టారూ! స్టీరింగు రాడ్డు ఎండిపోయుంటాది, సూసుకోండి!"

ఓస్, ఇంతేనా!

12.00

ఎండినదానికి మందు నూనె. కుట్టుమిషను నూనె సీసా ఖాళీ. వంటింట్లోంచి వేరుశనగ నూనె పావు లీటరు తెచ్చి రాడ్డుకీ, రబ్బర్లకీ, కనిపించిన ప్రతిదానికీ పట్టించాను.

సాయంత్రం: టకటక తగ్గింది!! (రెండు వీధుల వరకు.)

5, గురువారం

కారు కింద చీమలు. బారులు బారులు. చప్పుడు మళ్లీ మొదలు. నూనె చాలలేదేమో? ఇంకో పావు.

యమున: "రేపు కూరలోకి ఏటి పొయ్యమంటారు?"

6, శుక్రవారం

ఈరోజు పని లేదు. కారణాలు:
1. నడుం.
2. నూనె నానాలి కదా.
3. చీమలు కుడతాయి.

సాయంత్రం యమున ఫోన్లో అంటోంది: "ఆదివారం పొద్దున్నే వచ్చీరా తమ్ముడూ, కారు ఇచ్చీద్దాం." నాకు ఏడుపొక్కటే తక్కువ.

7, శనివారం. ఉదయం 8.40

గంగులు షెడ్డులో ఉన్నాను. ప్రతిజ్ఞ పోయింది. కారు పోవడం కన్నా అదే నయం.

వాడు కారు కింద దూరి, బయటికొచ్చి చెయ్యి వాసన చూసుకున్నాడు. "ఏటి మాస్టారూ, ఈడ బజ్జీలేసీసినారా?"

"నువ్వే కదయ్యా రాడ్డు ఎండిపోయిందన్నావు!"

"ఎండిపోనాదని కాదు బాబూ! ఎండు పోనాది! రాడ్డు సివర బంతిలాగ ఉంటాది సూడండి, దాన్ని ఎండు అంతారు. అది అరిగిపోనాది."

ఎండు! చివర అనే ఇంగ్లీషు ముక్క! షెడ్డంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను? గంగులు కొత్త ఎండు బిగించి, పక్కల పొడుగునా దారం కట్టి చక్రాలు తిన్నగా సరిచేశాడు. గంటన్నర పట్టింది.

8, ఆదివారం. ఉదయం 9.30

తిరుమలరావు దిగాడు. స్టేషన్ రోడ్డు మీద స్టీరింగు వదిలేసి చూశాడు. గీత గీసినట్టు నడిచింది. నా ఛాతీ ఉప్పొంగింది.

ఇంటికొచ్చాక వాడన్నాడు: "బావా, ఇంత మంచి బండి వదల్ను. నువ్వెంతంటే అంతకి తీసుకుంటాను."

బాగు చేయించి మరీ పోగొట్టుకుంటున్నానా!

"అమ్మంరా," అంది యమున.

"అదేటక్కా! రమ్మన్నది నువ్వే కదా?"

"అప్పుడు తెలీలేదురా. రిటైరైన కాడ్నించి ఈయన వంటింట్లోనే కూకుని, పప్పుకి నీళ్లెన్ని, ఉప్పెంత అని నాకు లెక్కలు సెప్తన్నారు. ఈ వారమంతా కారు కిందున్నారు. ఆరు నెల్లకి హాయిగా వండుకున్నాను."

నాకు కోపం రావాలి. కారు మిగిలిన సంతోషంలో రాలేదు.

సాయంత్రం 4.00

కొత్త ప్రతిజ్ఞ: రేపటి నుంచి కారు మంచిచెడ్డలన్నీ నావే. గంగులు షెడ్డు గడప తొక్కను!

బ్రేకు వేస్తే కీచుమంటోందట. నాకైతే వినపడలేదు. యమునకి వినపడిందట. కారు కింద చాప కూడా పరిచేసింది.