వెనక పీట

ఫిబ్రవరి 4, 2024
యూత్ క్లబ్ వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి వెల్డింగ్ షాపు డానిష్‌ని ముందు పెట్టుకున్నారు, అమ్మ అతని మాట వింటుందని. మా బాపు పడవ పెరట్లో బోర్లించి ఉంది. కృష్ణలో నీళ్లు తగ్గితే ఇంజన్ బోట్లు ఒడ్డుకు రావు. చెక్క పడవ వస్తుంది. పడవ ఇస్తే అవతలి గూడెం పిల్లలను బడికి దాటించవచ్చు, రిపేర్ ఫ్రీగా చేస్తాం అన్నారు.

అమ్మ చాయ్ పోసింది. వాళ్లు పోయాక నాతో అన్నది:

"రేపు మీ బాపొచ్చి పడవేదని అడిగితే ఏం జెప్పాలె?"

రెండేళ్ల కింద వరదలో పడవ బోర్లాపడి దొరికింది. బాపు దొరకలేదు. అమ్మ బొట్టు తీయలేదు. ఊళ్లో ఇప్పుడెవరూ ఆ మాట ఎత్తరు.

ఫిబ్రవరి 11
అమ్మ ఒప్పుకుంది. ఒకటే షరతు. బాపు కూర్చుని తెడ్డు వేసే వెనక పీట మీద ఎవరూ కూర్చోవద్దు. మరి తెడ్డు దయ్యం వేస్తదా అని క్లబ్బు రాజేశ్ నవ్వాడు. డానిష్ అతని కాలు తొక్కాడు.

మార్చి 3
కుళ్లిన పలకలు మార్చారు. కొల్లాపూర్ నుంచి తారు తెచ్చి, సందుల్లో దూది కూరి పోస్తున్నారు. బాపు చొక్కాలకు ఈ వాసన ఉండేది.

అమ్మ ఒక మనిషికి ఎక్కువ వండింది. క్లబ్ వాళ్ల కోసమనుకున్నాను. వాళ్లను పిలవలేదు.

మార్చి 20
ఎండిన చెక్క నానితేనే ఉబ్బి సందులు మూసుకుంటాయి. అందుకని పడవను రేవులో ముంచి రాళ్లు పెట్టాలి. బాపు ప్రతి ఎండాకాలం చేసిన పనే. అమ్మకు తెలియనిది కాదు. అయినా డానిష్ చేయి పట్టుకుంది.

"ఒక్కసారి మునిగింది సాలదా, బిడ్డా?"

డానిష్ రాయి కింద పెట్టాడు. "నువ్వొద్దంటే పైకి తీస్తం, చిన్నమ్మా."

చాలాసేపటికి అమ్మే ఆ రాయి ఎత్తి లోపల పెట్టింది.

మార్చి 24
రేవు కాడ అమ్మ ఒక్కతే ఉంది. మునిగిన పడవకు బర్రె ఈనిన సంగతి చెప్తోంది. మధ్యలో ఆగి, విని, మళ్లీ చెప్తోంది.

మార్చి 25
ఈరోజు కూడా.

ఏప్రిల్ 2
రాళ్లు తీసి నీళ్లు తోడితే పడవ తేలింది. చుక్క నీరు రాలేదు. తెడ్డు ఎవరూ ముట్టలేదు. అమ్మ ఎక్కి, వెనక పీట ముందు నిలబడింది.

"జర జరుగు" అన్నది.

పక్కన మనిషి పట్టేంత జాగా వదిలి అంచున కూర్చుంది. తెడ్డు అందుకుంది.