బావ అడిగిన మాటకు అర్థాలు

జగిత్యాల,
ఆదివారం

అక్కకు,

తమ్ముడు నరేశ్ దండం పెట్టి రాస్తున్నాను. నువ్వు, అమ్మ, నా మేనకోడలు పిల్ల బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్లకు పంపిన నూనె ఏమన్నా పనిచేసిందా? నేను బాగానే ఉన్నాను, నా గురించి రంది పెట్టుకోకు. ఫోన్ చేయకుండా ఉత్తరం ఏంటని అనుకుంటావు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ బావ జేబులో ఉంటుంది. ఈ సంగతి నువ్వొక్కదానివే చదవాలి. పోస్ట్‌మ్యాన్ వచ్చే వేళకు బావ ఇంట్లో ఉండడు కదా.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. మాది రేకుల రూము, పొద్దెక్కితే లోపల ఉండలేం. మెస్సులో పప్పు నీళ్లలాగే ఉంటుంది. ఈసారి మామిడి తొక్కు పెడితే నాకొక డబ్బా తీసి ఉంచు. రూములో నాతోపాటు కోరుట్ల అబ్బాయి ఒకడున్నాడు, దుబాయ్ వీసా కోసం చూస్తున్నాడు. నేను మా సంఘం కరపత్రం తెరిస్తే చాలు, లీడర్ సాబ్ మొదలుపెట్టిండు అని ముసుగు తన్నుతాడు. మంచివాడే. అయినా సాంచాల చప్పుడు, బట్ట నేసే ఆ టకటక వినపడని ఊళ్లో నిద్ర పట్టడానికి నాకు చాలా రోజులు పట్టింది.

నా పని నీకు తెలిసిందే, ఫ్లెక్సీ షాపులో కంప్యూటర్ ముందు కూర్చోవడం. పుట్టినరోజులు, లీడర్ల స్వాగతాలు, శ్రద్ధాంజలులు. శ్రద్ధాంజలికి వచ్చే ఫోటోల్లో ముసలివాళ్లు తక్కువక్కా. పెళ్లిలో దిగినవి, బండి మీద దిగినవి తెస్తారు. వాటి వెనక ఆకాశం పెట్టి, మెడలో దండ వేసి ఇవ్వాలి. ఏమైందని అడిగితే గ్లాసు ఎత్తినట్టు చెయ్యి చూపిస్తారు, అంతే.

పోయిన వారం మన సిరిసిల్ల నుంచే ఒక ఆర్డర్ వచ్చింది. బైపాస్ రోడ్డు మీద కొత్త బార్ పెడుతున్నారు. పేరు ఇండల్జెన్స్, ఇంగ్లీషులో, బంగారు రంగు అక్షరాలతో రాయాలట. నాకు ఆ మాట తెలియదు. తెలియని మాటను తీసుకుపోయి మన ఊళ్లో నిలబెట్టడం నాకు నచ్చక డిక్షనరీ తీశాను. మొదటి అర్థం గారాబం చేయడం, పిల్ల ఏది అడిగితే అది ఇచ్చినట్టు. తర్వాత, మన మనసు ఏది అడిగితే అది మనమే దానికి ఇవ్వడం. ఇంకొకటి నేను కరపత్రంలో ముందే చదివాను, పాత కాలంలో యూరప్‌లో చర్చి పెద్దలు పాపాలకు శిక్ష తగ్గిస్తామని పత్రాలు అమ్మేవారట, వాటికీ ఇదే పేరు. కింద అలాంటివే ఇంకొన్ని మాటలు ఇచ్చారు. లగ్జరీ, ఎక్సెస్, డిసిపేషన్. వాటినీ వెతికాను. విలాసం, మితిమీరడం, ఇక చివరిదానికి, మనిషి తాగి తిరిగి తనను తాను పాడుచేసుకొని కరిగిపోవడం అని ఉంది. గారాబం దగ్గర బయలుదేరినవాడు ఎక్కడికి చేరాడో చూడు.

నాకు ఒళ్లు మండింది. రోజంతా సాంచా ముందు నిలబడ్డవాడు తాగితే తాగుబోతు అంటారు. వాడికి అమ్మేవాడు మాత్రం దాన్నే బంగారు అక్షరాల్లో రాసుకుంటాడు. నేను చేయనని ఓనర్ మొహం మీదే చెప్పాను. ఆయనకు కోపం కూడా రాలేదు. "నువ్వు చెయ్యకుంటె బార్ ఆగుతదారా?" అని తనే కూర్చొని చేసేశాడు.

దాన్ని తీసుకుపోవడానికి వచ్చింది మన బావ.

నీ దగ్గర టిఫిన్ కట్టించుకొని సాంచాల పనికని బయలుదేరుతున్నాడు కదా. ఆయన పనిచేసే సేటు సాంచాలు బంద్ పెట్టి చాలా రోజులైందట. బావ ఆ బార్‌లో సామాన్లు మోసే పనికి కుదిరాడు. మెడలో హనుమాన్ మాల, ఒంటి మీద కాషాయం బట్టలు. ఓనర్ రా స్వామీ, కూర్చో స్వామీ అని కుర్చీ వేశాడు. ఆ స్వామే బార్ ఫ్లెక్సీ చుట్టను భుజానికెత్తుకున్నాడు. నేను బయటికి లాక్కుపోయి అడగరానివన్నీ అడిగాను. లివర్ చెడిపోయింది, మళ్లీ తాగి వస్తే నా దగ్గరికి తేవద్దని డాక్టర్ నీ ముందే అన్నాడు కదా, అదీ గుర్తు చేశాను. బావ భుజం మీది చుట్ట దించి కొస విప్పాడు. ఫ్లెక్సీ వైపు చూపించి, "గీ మాటకు అర్థమేంది బామ్మర్దీ?" అన్నాడు.

రోడ్డు మీదే నిలబడి అన్ని అర్థాలూ చెప్పాను. మీటింగులో మాట్లాడినట్టు గట్టిగానే చెప్పి ఉంటాను. అంతా విని, "గీ అర్థాలల్ల నాది ఏది?" అన్నాడు. నేను మళ్లీ మొదటి అర్థం నుంచి మొదలుపెట్టబోయాను.

అప్పుడు ఆయనే చెప్పాడు. "మాలున్నన్ని రోజులు అందరు స్వామి అంటున్నరు. దోస్తులు సుత ఒక్కడన్న తాగుదాం రా అంటలేడు. తీసినంక ఎవడు ఆపుతడు? నాకు మాల తీసుడంటెనే భయమైతుందిరా."

అక్కా, ఆ బార్ తెరిచేది పెద్ద హనుమాన్ జయంతి రోజే. మండలం రోజులు నోరు కట్టుకున్నవాళ్లందరూ కొండగట్టు గుడిలో మాల తీసేది ఆ రోజే. ఆ బార్ యజమాని ఆ రోజునే ఏరి మరీ పెట్టుకున్నాడు. కొండ కిందికే బండి పంపుతాడట, మొదటి దావత్ తనదేనట. దోస్తులంతా సరే అన్నారు. నువ్వేమన్నావని అడిగితే బావ ఫ్లెక్సీ చుట్టను మళ్లీ భుజానికెత్తుకున్నాడు.

మాల గురించి నేను అమ్మతో ఎంత కొట్లాడానో నీకు తెలుసు. ఇప్పటికీ నాకు నమ్మకం లేదు. కానీ డాక్టర్ మాట బావను ఆపలేదు, నీ ఏడుపు ఆపలేదు, నా కరపత్రాలూ ఆపలేదు. ఆ పూసల దండ ఆపింది. అందుకే చెబుతున్నాను, నువ్వు గురుస్వామి దగ్గరికి పో. మాలను ఇంకో మండలం ఉంచుకోవచ్చా అని బావతోనే అడిగించు. కుదరదంటే ఆ రోజు కోడలిని తీసుకొని నువ్వూ కొండకు రా. ఆడవాళ్లకు ఇక్కడేం పని అని దోస్తులు నవ్వుతారు, నవ్వనీ. నేను మొదటి బస్సుకే వచ్చి ఉంటాను. ఓనర్ సెలవు ఇవ్వనంటే పని వదిలేస్తాను. బావ ఆ బండి ఎక్కితే మటుకు మనకు మళ్లీ దొరకడు, నాకు అట్లనే అనిపిస్తోంది.

అమ్మకు ఏమీ చెప్పకు. నేను బాగా తింటున్నానని చెప్పి, నా బదులు కాళ్లకు మొక్కు. పక్కింటి పెద్దయ్యను అడిగినట్టు చెప్పు. కోడలికి ముద్దులు.

ఇదంతా నేను రాశానని బావకు తెలిస్తే తెలియనీ. ఆటో ఎక్కేటప్పుడు "మీ అక్కకు చెప్పకు" అన్నాడు. అంటూనే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, ఆటో కదిలేదాకా వదల్లేదు. చెప్పమనే అన్నాడని అనుకున్నాను.

నీ దీవెన కోరే తమ్ముడు,
నరేశ్