దుప్పటి మీద సినిమా

అక్కయ్యకు తమ్ముడి నమస్కారములు. నేను కుశలమే, బెంగపడవద్దు.

ఆదివారంనాడు మా లాండ్రీ యజమాని మేము ఇస్త్రీ చేసిన దుప్పటినే తెరగా కట్టించి, గుర్రాలూ తుపాకులూ ఉన్న పరదేశపు సినిమా వేయించారు. సంకెళ్ళు తెంచుకున్న బానిస తనను కొట్టినవారిని వెతికి కాల్చే కథ. దుప్పటి నిండా నెత్తురే. నా పక్క బల్లమీద ఇస్త్రీ చేసే బక్కాయన ఉండబట్టలేక నావైపు తిరిగి, "పంతులుగారూ, ఈ మరకలు కూడా రేపు మనచేతే ఉతికిస్తాడు చూడండి" అన్నాడు. అందరూ నవ్వారు. యజమాని సినిమా ఆపించి, "ఎవడ్రా వాడు?" అన్నారు. "నేనేనండీ, సరదాకన్నాను" అంటూ బక్కాయన లేచాడు. తెల్లవారేసరికి మా వసతిలో ఆయన మంచం ఖాళీ. ఎక్కడికి పంపారని అడగకుండానే, పట్టభద్రుడనైన నేను వెళ్ళి నా ఇస్త్రీపెట్టె అందుకున్నాను.

నీ మోకాలి నొప్పి తగ్గినదా? నిరుడు చెప్పిన వైద్యుని వద్దకే వెళ్ళు.

బావగారికి నేను అడిగిపెట్టిన పని ఖాయమైంది. బక్కాయన బల్ల దగ్గరకే రమ్మంటున్నారు. పంపవద్దు. బావగారి నోరు ఊరుకోదని నీకు తెలుసు. నాకు ఓర్వలేనితనమని అనుకుంటే అనుకోనీ.

పిల్లలకు ఆశీస్సులు. కవరు దొరకలేదు. ఈ కార్డు పోస్టుకు వెళ్ళేది మా ఆఫీసు గది మీదుగానే, అక్కడ ఎవరు చదువుకున్నా చదువుకోనీ.

నీ తమ్ముడు