నాలుగు మార్కుల లెక్క

రామచంద్రపురం,
బుధవారం.

చిరంజీవి హేమశ్రీకి అమ్మ దీవెనలు. ఇక్కడ మీ నాన్నగారు, గేదె, దూడ అంతా కులాసా. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నేనే బాగాలేను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మోకాలి నొప్పి తగ్గింది. ఊడ్పులు మొదలయ్యాయి. అంగన్‌వాడీలో నేనింకా ఆయానే. నాతోపాటు పరీక్ష రాసిన పక్క సెంటరు ఆయా సత్యకుమారి పదో తరగతి గట్టెక్కింది కాబట్టి టీచరు పోస్టు ఆమెకి ఇచ్చారు. ఓపెన్ స్కూలు పరీక్షలో నాకు లెక్కల్లో ముప్పై రెండు వచ్చాయని నీకు తెలుసు. ముప్పై అయిదు వస్తే పాసు.

ఇక నువ్వు రాసిన మాట. "అమ్మకే పాఠం చెప్పలేకపోయాను, నాకు లెక్కలేం వస్తాయి, ఎంపీసీ మానేసి సీఈసీకి మారిపోతాను, శనివారమే ఆఖరు" అన్నావు. నాన్నగారు ఫోనులో "నువ్వు సరిగ్గా చెప్పుంటే మీ అమ్మ పాసైపోయేది" అన్నందుకు ఏడ్చానని కూడా రాశావు. ఆయన ఆ మాట అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. నోరు మెదపలేదు. ఎందుకో ఇప్పుడు చెబుతాను, పూర్తిగా చదువు.

పరీక్షలో నాలుగు మార్కులకి ఒక లెక్క పడింది. నాలుగు ఎక్స్ మైనస్ ఎనిమిది ఈక్వల్టు ఇరవై. నువ్వు నేర్పినట్టే గుడ్లు అనుకున్నాను. నాలుగు డబ్బాల్లో సమానంగా వచ్చాయి, దారిలో ఎనిమిది పగిలాయి, ఇరవై మిగిలాయి. డబ్బాకెన్నో తెలియదు, అదే ఎక్స్. "పగిలినవి తిరిగి కలిపెయ్యమ్మా, మొదట ఎన్నో తెలుస్తుంది" అనేదానివి. కలిపితే ఇరవై ఎనిమిది. నాలుగుతో భాగిస్తే ఏడు. చక్కగా వేశాను.

అంతలో ముందు బల్లలోంచి సత్యకుమారి చీటీ జరిపింది. అది హాల్లోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. అందులో జవాబు మూడు అని ఉంది. ఎవరో పెద్ద చదువులు చదివినాయన రాసింది తప్పవుతుందా, గిన్నెలు తోమే నా లెక్క రైటవుతుందా అనుకున్నాను. వేసిన లెక్కంతా అడ్డంగా కొట్టేసి మూడు వేశాను.

వేశాక చెయ్యి ఊరుకోలేదు. జవాబుని ఎక్స్ ఉన్నచోట పెట్టి చూసుకోమన్నావు కదా, చూశాను. నాలుగు మూళ్ళు పన్నెండు, ఎనిమిది తీస్తే నాలుగు. ఇరవై రాలేదు. చీటీ ఆయన పగిలినవి కలపకుండా మళ్ళీ తీసేశాడు. ఇంకా పది నిమిషాలుంది. దిద్దబోతుంటే సత్యకుమారి వెనక్కి తిరిగి, "అందరం మూడే ఏసేమండి. మీరొక్కరూ ఏరేగా రాత్తే అందరం దొరికిపోతాం" అంది. కలం పట్టుకుని గంట కొట్టేదాకా అలాగే కూర్చున్నాను. తెలిసి తెలిసి తప్పు జవాబు ఇచ్చి వచ్చాను తల్లీ.

ఆ నాలుగూ వస్తే ముప్పై ఆరు. సత్యకుమారి ఆ నాలుగూ పోయినా గట్టెక్కింది. కాపీ కొట్టి తప్పానని చెప్పడానికి సిగ్గేసింది. నీ మీదికి వచ్చిన నిందని అలాగే ఉండనిచ్చాను. పోస్టు పోయినందుకు కంటే దీనికే నాకు ఎక్కువ ఏడుపొస్తోంది.

పొద్దున్న మీ నాన్నగారికి చెప్పేశాను. వెళ్ళి దూడని కట్టేసి వచ్చారు. తరవాత, "నా చేత పిల్లని అనిపిచ్చేసేవే. ఉత్తరం రాసియ్యి, నేనే పట్టికెళ్తాను" అన్నారు.

ఇది నీ చేతికిచ్చి ఆయన హాస్టలు గేటు దగ్గర నిలబడి ఉంటారు. తప్పయిందనడం ఆయనకి చేతకాదు. నువ్వే వెళ్ళి పలకరించు. శనివారం నీ ఇష్టం వచ్చిన గ్రూపు రాసుకో. నా మీద కోపంతో మానేసినా మానెయ్యి, నీకు లెక్కలు రావని మాత్రం మానెయ్యకు. నువ్వు చెప్పావు, నాకు వచ్చింది. వచ్చినదాన్ని నేను కొట్టేశాను.

ఇట్లు,
మీ అమ్మ,
రామతులసి.