బురదమూతి ఏడవదు

చిట్టితల్లికి అమ్మ దీవెనలు.

ఇక్కడ నేనూ నాన్నా బాగానే ఉన్నాం. నాన్న మోకాలు నయం, మెట్లెక్కుతున్నారు. ఆస్పత్రిలో నీ నర్సు డ్యూటీ పిల్లల వార్డుకు మార్చారని రాశావు, సంతోషం.

"వీడియో గేములో బురదమూతి గొంతు మా అమ్మదే" అని నువ్వంటే అక్కడి పిల్లలు నమ్మడం లేదన్నావు. వాళ్ళకిలా చెప్పు. గేములు తయారుచేసే ఆఫీసులో మెట్లు తుడుస్తూ మా అమ్మ కుక్కను అదిలించింది. సౌండ్ ఇంజనీరు విని, "అక్కా, ఇదే అరుపు మైకు ముందు అరుస్తావా?" అన్నాడు. చేలో అడవిపందులను తోలిన గొంతుకు అదెంత పని? నాలుగు గేముల్లోనూ వాగు దాటేచోట బురదమూతి, ఆ మోకాలెత్తు పందిలాంటి జంతువు, ఆ అరుపుతోనే కత్తివీరుడి మీద పడుతుంది. ఒక్క దెబ్బకు చస్తుంది.

ఐదో గేములో ఏమైందో నీకు పూర్తిగా రాయలేదు. ఈసారి కత్తి చూడగానే బురదమూతి వీరుడి కాళ్ళ మీద పడి ఏడవాలట. ఆడేవాళ్ళు నవ్వుకోవాలట.

"నేను ఏడవను బాబూ," అన్నాను.

"ఏడ్చేది నువ్వు కాదమ్మా, ఆ జంతువు," అన్నాడు డైరెక్టరు.

"అదీ ఏడవదు. ఇన్నిసార్లు చచ్చింది, ఒక్కసారైనా వెనక్కి తిరిగిందా?"

ఇంజనీరు నవ్వాపుకోలేక బల్ల కిందికి వంగాడు. డైరెక్టరు నవ్వలేదు.

"ఊడ్చేవాళ్ళు కథలు చెబితే ఇక మేం చీపుళ్ళు పట్టుకోవాలి."

"పట్టుకోండి. మూలలు మాత్రం వదలకండి," అన్నాను.

దాంతో నా పాత అరుపులనే మెషీనుతో ఏడుపుగా మార్చుకుంటామని కాగితం తెచ్చారు. సంతకం పెట్టకపోతే ఊడ్చే పని కూడా ఉండదన్నారు. "రెండు క్షణాల అరుపు కోసం పని పోగొట్టుకుంటావా, పెట్టెయ్యమ్మా," అని నువ్వు రాశావు. పెట్టేశానని పోయిన ఉత్తరంలో జవాబిచ్చాను.

అది అబద్ధం. పెట్టలేదు. నువ్వు అన్నం మానేసి కూర్చుంటావని అలా రాశాను. ఆ పని పోయి ఇరవై రోజులైంది. ఇప్పుడు డిపోలో బస్సులు కడుగుతున్నాను. చేతులు నానుతున్నాయి, అంతే.

నిన్న ఇంజనీరు డిపోకు వచ్చాడు. వేరేవాళ్ళ ఏడుపు కుదరక ఐదో గేములోంచి బురదమూతినే తీసేశారట. వాగు ఖాళీ.

"బాధగా ఉందా అక్కా?" అన్నాడు.

"ఉంది. అయినా సంతకం పెట్టను," అన్నాను.

ఇది చదవగానే ఫోన్ చేసి నన్ను ఎంతైనా తిట్టు, పడతాను. ఆ డైరెక్టరుకు మాత్రం బతిమాలుతూ ఒక్క ముక్క రాయకు.

ఇట్లు,
మీ అమ్మ